చూపు నాది

జబ్బు బయటపడాలని మొక్కుకునే మనిషి లోకంలో ఎక్కడైనా ఉంటుందా అంటే, ఆ ఉదయం ఆసుపత్రి మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో, ఇనుప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఈత నేర్పే కోచ్ ఆమె. పిల్లలకు నీళ్లంటే భయం పోగొట్టడం ఆమె ఉద్యోగం. ఇప్పుడు ఇంట్లో ఎవరైనా కుళాయి తిప్పితే ఆమెకే గుండె జారుతోంది. నడివయసు దాటిన టెక్నీషియనమ్మ టేపుతో ఆమె తల కొలిచి, ఎర్ర పెన్సిలుతో మాడు మీద గుర్తులు పెడుతోంది, కుట్టబోయే గుడ్డ మీద దర్జీ పెట్టినట్టు. ఒక్కో గుర్తు దగ్గర జుట్టు పాయ తీసి, గరుకు పేస్టుతో రుద్ది, జిగురు పెట్టి ఒక తీగ అతికిస్తోంది. పేస్టు చల్లగా ఉంది. రాత్రంతా నిద్రపోవద్దన్నారు, పోలేదు. వాళ్లు చెప్పకపోయినా పట్టేది కాదు, రెప్ప వాలిస్తే చాలు నీలం పలకలు, పలకల మీద ఊగే వెలుగు, ఆ వెలుగు కింద, వద్దు, అటు వద్దు. గోడ మీద ఒక తడి మరక ఉంది, దాన్ని చూద్దాం. మరకకి ఒక పక్క ముక్కులా పొడుచుకొచ్చింది. "తల కదపకండమ్మా" అంది టెక్నీషియనమ్మ. కదిపిందా? కదిపే ఉంటుంది. తను ఏం చేస్తోందో తనకన్నా పక్కవాళ్లకే బాగా తెలిసే రోజులొచ్చాయి.

ఆ ఈత కొలను దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరో పాత కోచ్ పెట్టి వెళ్లాడంటారు. ఇద్దరు కోచ్‌లలో ఒకరు నీళ్ల మీద నుంచి కళ్లు తిప్పాలంటే, ఫ్లోట్లు సర్దడానికైనా సరే, ముక్కు చీదడానికైనా సరే, ముందు "చూపు?" అనాలి. రెండోవాళ్లు "నాది" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా మెడ తిప్పకూడదు. ఎంత అలవాటైపోయిందంటే, భోజనం దగ్గర భర్త "ఉప్పు?" అంటే "నాది" అనేసి, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకున్న రోజులున్నాయి. ఆ సాయంత్రం కూడా రెండో కోచ్ "చూపు?" అన్నాడు. "నాది" అంది తను. అన్నట్టు గుర్తుంది. తన గొంతు గుర్తుంది, చేతిలో విజిల్ తాడు తడి గుర్తుంది. అతను వెనక్కి తిరిగి ఫ్లోట్లు దొంతర పెట్టసాగాడు. తరవాత ఏముందని అందరూ అడుగుతారు. మేనేజర్ అడిగాడు, పోలీసులు అడిగారు, అత్తగారు అన్నం కలుపుతూ ఆగి అడిగింది. తరవాత ఏమీ లేదు. చీకటి కమ్మలేదు, కళ్లు తిరగలేదు, కాళ్లు తేలలేదు. "నాది" అన్న మాట పక్కనే, పోగు దూరేంత సందు కూడా లేకుండా, గ్యాలరీలోంచి ఎవరో తల్లి పెట్టిన కేక అతుక్కుని ఉంది. ఆ రెండింటి మధ్యే కప్పపిల్ల మునిగిపోయింది.

కప్పపిల్ల అని పేరు పెట్టింది తనే. వచ్చిన పిల్లలందరికీ నీళ్ల పేర్లు పెట్టడం తన సరదా, బాతు, పీత, తాబేలు, ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని గిల్లే మొసలి. కప్పపిల్లకి ఆరేళ్లు. ముందు పళ్లు రెండూ ఊడిపోయాయి, నవ్వితే ఆ సందులోంచి నాలుక బయటకొచ్చేది. "ఇయ్యాల చేతులు వదిలేస్తా కోచ్, నువ్వు చూస్తూ ఉండు" అంది ఆ పూట. చూస్తూ ఉండమంది. చూస్తూ ఉంది. అక్కడే వచ్చింది గొడవంతా. మొదట ఫోను చూసుకుంటోందేమో అనుకున్నారు. ఫోను లాకర్లో ఉందని తేలాక మరింత అసహ్యించుకున్నారు. ఫోను చూసుకుంటూ ఏమరుపాటున వదిలేసిన మనిషిని తిట్టుకోవచ్చు, తిట్టుకుని, మనమూ అలాంటివాళ్లమే కదా అని లోపలెక్కడో సర్దుకోవచ్చు. ఈమె అలా కాదు. ఎవరో తండ్రి తన కొడుక్కి తీస్తున్న వీడియోలో ఒక మూల ఈమె ఉంది. నిటారుగా నిలబడి, కళ్లు విప్పార్చి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కొట్టుకుంటున్న పిల్ల వైపే మొహం పెట్టి, కదలకుండా. కళ్లప్పగించి చూసింది అన్నారు. ఆ వీడియో తనూ చూసింది. చూస్తూంటే తనకే తన మీద చెయ్యి చేసుకోవాలనిపించింది. ఎవరీ ఆడది, దూకదేం, దూకదేం. కప్పపిల్ల ఇప్పుడు వేరే ఆసుపత్రిలో గొంతులో గొట్టంతో పడుకుని ఉంది, ఇంకా కళ్లు తెరవలేదు. వాళ్ల నాన్న ఒక్కసారే మాట్లాడాడు తనతో. అరవలేదు, చొక్కా గుండీ ఒకటి తిప్పుతూ, "నువ్వు చూస్తూనే ఉన్నావు కదమ్మా" అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. కొట్టినా బాగుండేది.

ఇదంతా వైద్యం దాకా తెచ్చింది భర్త. బేకరీలో పొయ్యి దగ్గర పని చేసే మనిషి, పెద్దగా మాట్లాడడు, మాట్లాడితే హాస్యమాడతాడు. మాటల మధ్యలో ఆమె ఆగిపోయినప్పుడల్లా "నెట్‌వర్క్ పోయింది" అనేవాడు. చెయ్యి ఆమె మొహం ముందు ఆడించి "హలో, హలో" అనేవాడు. పెళ్లైన కొత్తల్లో తనంటే లెక్క లేదనుకుని అలిగాడు కూడా. ఆ వీడియో చూసి అతను మాత్రం తిట్టలేదు, రెండోసారి చూశాడు, మూడోసారి చూశాడు, "నీ రెప్పలు చూడు, ఇది మన నెట్‌వర్కే" అన్నాడు. అలా ఈ డాక్టరు దగ్గరికి వచ్చారు. ఆయన కాగితం మీద గుండ్రంగా ఒక తల గీశాడు. "కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ నేరుగా పైకి పోవమ్మా. మెదడు మధ్యలో ఒక చోట ఆగి, అక్కణ్నుంచి పై పొరకి వెళ్తాయి. థాలమస్ అంటాం. గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. అక్కడి కణాలకి సన్నసన్న తలుపులుంటాయి, కాల్షియం లోపలికి రావడానికి. నిద్రలో ఆ తలుపులన్నీ ఒకే వరసలో తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి, అప్పుడు వాచ్‌మన్ బయటివాళ్లని లోపలికి రానివ్వడు. కొందరికి ఆ తలుపులు మరీ తేలిగ్గా తెరుచుకుంటాయి, మెలకువలో కూడా. గేటూ పై పొరా ఒకదాన్నొకటి ఊపుకుంటూ ఊగిపోతాయి. పది సెకన్లు, పదిహేను సెకన్లు. కళ్లు తెరిచే ఉంటాయి. బొమ్మ కంటిదాకా వస్తుంది, పైకి పోదు."

అంత చెప్పాక తను అడిగిందేమిటి? "కాల్షియం అంటే ఎముకలకి కదా డాక్టర్‌గారూ, చిన్నప్పుడు నేను పాలు సరిగ్గా తాగేదాన్ని కాదు, అందుకా?" డాక్టరు నవ్వాపుకున్నాడు. కాల్షియం ఎంత ఉందన్నది కాదట, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందన్నదట సంగతి. ఆ ముక్క అత్తగారికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, ఆరోజు నుంచి పూటకో గ్లాసుడు పాలు మంచం పక్కన పెట్టి పోతోంది. పాలతో పోయేదైతే కడవలు తాగేది తను. "ఇది మామూలుగా చిన్నపిల్లల్లో వచ్చి పోతుంది, కొందరికి పోకుండా ఉండిపోతుంది" అన్నాడు డాక్టరు. మందు ఉందట, ఆ తలుపులకి గడియ కాస్త బిగించే మందు. కానీ ముందు ఇది అదేనని తేలాలి. "తీగలు పెట్టి ఉన్నప్పుడు వస్తే కాగితం మీద పడుతుంది. రాకపోతే మీకు లేదని కాదు, కానీ నేనేమీ రాసివ్వలేను." చివర్లో మామూలుగా అడిగినట్టే అడిగాడు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని. "లేదండీ" అంది. అంత తొందరగా ఎందుకంది?

"మీరు ఇప్పుడు గట్టిగా ఊపిరి తీసి వదలాలి, నేను ఆపమనేదాకా" అంటోంది టెక్నీషియనమ్మ, మిషను వెనక కూర్చుని. "మధ్య మధ్యలో ఒక్కో మాట చెబుతుంటా. గుర్తుపెట్టుకోండి. అయ్యాక అడుగుతా." పరీక్షలో పరీక్షా అనుకుంది. డిక్టేషన్‌లో తనెప్పుడూ మొద్దే. టీచరు చదువుతుంటే అందరి కాగితాల్లోనూ వాక్యం నిండుగా ఉండేది, తన కాగితంలో నడుమ ముక్క ఉండేది కాదు. మింగేసిందని ఏడిపించేవాళ్లు, ముక్కల మింగుడు అని పేరు కూడా పెట్టారు. మొదటి ముక్కకీ మూడో ముక్కకీ మధ్య టీచరు ఇంకోటి చదివిందని ఎంత చెప్పినా నమ్మేది కాదు తను, ఎందుకంటే వినలేదు కదా, విననిదాన్ని పోగొట్టుకున్నానని ఎలా అనుకుంటుంది? అమ్మ మొట్టికాయ వేసేది, పిలిస్తే పలకవేమే, చెవిలో దూది పెట్టుకున్నావా అని. మొట్టికాయ మాత్రం తెలిసేది. పిలుపు తెలిసేది కాదు. అంతమంది అన్నిసార్లు చెప్పారు కదా, అప్పుడే ఎవరో ఒకరు ఇలా తీగలు పెట్టించి ఉంటే, ఆ గట్టు మీద తనకి బదులు ఇంకెవరో నిలబడి ఉండేవాళ్లు. తీసి వదలాలి. తీసి వదలాలి. పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి. "గొడుగు" అంది టెక్నీషియనమ్మ. గొడుగు, సరే, గొడుగు. రావే తల్లీ, జబ్బూ, ఇన్నాళ్లూ చెప్పాపెట్టకుండా వచ్చావు, ఇవాళ పిలిస్తే రావా? నీకేం కావాలంటే అది ఇస్తాను. కొలను వదిలేస్తాను. నీళ్లు లేని ఊరికి పోతాను. నన్ను దుర్మార్గురాల్ని చెయ్యకు, రోగిష్టిదాన్ని చెయ్యి. "తాళంచెవి." తాళంచెవి. గొడుగు, తాళంచెవి. ఊపిరి తీస్తుంటే ఛాతీలో ఈలలాగా, ఈల, విజిల్, ఆరోజు విజిల్ ఊదినా ఎవరో ఒకరు తిరిగి చూసేవాళ్లు, నోటి దగ్గరే ఉంది విజిల్, "ఆపేశారేం, తీసుకోండి, ఊపిరి తీసుకోండి."

ఆపలేదే. తీస్తూనే ఉంది కదా. ఆవిడకేదో పొరపాటు. మళ్లీ తీసింది, వదిలింది. కళ్ల వెంట నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి, తుడుచుకుందామంటే చెయ్యి కదపకూడదు. ఇప్పటికి ఎంతసేపైంది, ఒక్కటీ రాలేదు, వచ్చినట్టు లేదు, ఒకవేళ నిజంగా లేదేమో. ఇదంతా తనమీద ప్రేమతో భర్త అల్లిన అబద్ధమేమో. ఆ సాయంత్రం నీళ్ల వైపు మొహం పెట్టి తను ఏ గ్యాసు సిలిండర్ గురించో, ఏ కూర గురించో ఆలోచిస్తూ నిలబడిందేమో. రోజూ చూసే నీళ్లు, రోజూ చూసే పిల్లలు, పాచిపోయిన చూపు. అలా కూడా జరుగుతుంది మనుషులకి, జబ్బేమీ అక్కర్లేదు, బద్ధకం చాలు. అప్పుడు? అప్పుడు ఆ గుండీ తిప్పే మనిషి అన్నదే నిజం. నువ్వు చూస్తూనే ఉన్నావు కదమ్మా. ఒక పక్కన ఇంకో ఆలోచన పురుగులా పాకుతోంది, కావాలని చేస్తే ఎవరికి తెలుస్తుంది, ఒక్కసారి బిగుసుకుపోయినట్టు చూస్తూ ఉండిపోతే? ఛీ. తీగలకి తెలుస్తుంది. తీగలకి తెలియడమే కావాల్సింది. "చిలక." చిలక, గోడ మీద మరక కూడా చిలకలాగే ఉంది, ముక్కు, రెక్క, పిల్లలు చిలకలంటే ఇష్టపడతారు, తన కూతురు, ఎనిమిదేళ్లది, దాని పుస్తకం నిండా చిలకలే, క్లాసు టీచరు ఆ పుస్తకమే చూపించి అంది కదా, బొమ్మలు బాగా వేస్తుందండీ కానీ పాఠం చెబుతుంటే దిక్కులు చూస్తుంది, వద్దు, అటు వద్దు, పిల్లలన్నాక దిక్కులు చూడరా, అందరూ, "తీసుకోండమ్మా, ఆపకండి." అదేంటి, ఆపలేదంటే వినిపించుకోదేం ఈవిడ.

ఊపిరి ఇక చాలంది. తరవాత లైటు తెచ్చి మొహం ముందు పెట్టింది. అది టపటపా కొట్టుకుంటూ వెలుగుతోంది, మూసిన రెప్పల వెనక ఎరుపు, నలుపు, ఎరుపు. కొలను అడుగున ఎండ ఇలాగే ఆడేది మధ్యాహ్నాలు. ఆ అడుగుదాకా మునిగి రూపాయి బిళ్ల తియ్యడం తన పందెం, గెలిచినవాళ్లకి ఆ రోజు విజిల్ ఊదే హక్కు. కప్పపిల్ల ఒక్కసారీ తియ్యలేదు, మునిగి సగంలో తేలిపోయేది, దగ్గేది, మళ్లీ అంటూ వేలు చూపించేది. మొండిది. మొండిదే కాబట్టి బతుకుతుంది. జబ్బు తేలితే తన మీద పడ్డ నింద పోతుంది, గొట్టం పోదు. అది తెలుసు. తెలిసి కూడా ఇక్కడ పడుకుని తన కోసమే ఏడుస్తోంది. చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినట్టు ఏ దేవుణ్నీ తలుచుకోవడం లేదు ఈ మధ్య, ఇప్పుడు మాత్రం ఉన్నవాళ్లందర్నీ వరసగా పిలిచింది. ఆ బిడ్డ కళ్లు తెరవాలి. నాకు జబ్బు ఉండాలి. ఈ రెండింటిలో ఒకటే ఇస్తానంటే ఏది అడుగుతావు? మొదటిదే. మొదటిదే అడుగుతాను. ఎంతసేపు తడబడిందో తనకే తెలుసు, సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోయింది.

లైటు ఆగింది. కుర్చీ కిర్రుమంది, టెక్నీషియనమ్మ లేచి వచ్చి పక్కన నిలబడింది. "నేను చెప్పిన మాటలు చెప్పండి."

"గొడుగు. తాళంచెవి. చిలక."

"ఇంకా?"

"అంతేగా. మూడే చెప్పారు."

ఆవిడ చేతికంటిన జిగురు తువ్వాలుకి తుడుచుకుంది. "రిజల్టు డాక్టర్‌గారే చెప్పాలమ్మా, నేను చెప్పకూడదు" అంది. తరవాత గొంతు తగ్గించి, "ఆరు చెప్పాను. నిచ్చెన, దువ్వెన, గంట. గంట అన్నది మీ చెవి దగ్గరికి వంగి చెప్పాను. మీరు నా మొహంలోకే చూస్తున్నారు" అంది.

ఆమె ఆ మొహంలోకే చూసింది మళ్లీ. ముక్కు పక్కన పుట్టుమచ్చ, కళ్లద్దాల మీద వేలిముద్ర. ఈ మొహం ఇంత దగ్గరికి వచ్చి, మాట్లాడి, వెనక్కి పోయిందట. ఎక్కడికి పోయింది ఆ మొహం? గంట అన్న మాట తన చెవి దాకా వచ్చి, గుమ్మం బయట నిలబడి, పిలిచి పిలిచి వెళ్లిపోయింది. అలాగే ఆ పిల్ల కూడా. తను చూడలేదు. కళ్లు చూశాయి, తను చూడలేదు. నవ్వు వచ్చింది, ఎన్నాళ్లకో వచ్చింది, ఆపుకోలేకపోయింది. టెక్నీషియనమ్మ జిగురు చేతులు రెండూ పట్టుకుని, తల నిండా తీగలతో, నాకుంది మేడమ్, నాకుంది, నాకుంది అంటూ ఉద్యోగం వచ్చినదానిలా నవ్వింది. పరీక్ష పాసైనవాళ్లు నవ్వే నవ్వు అది. ఆ నవ్వు మధ్యలోనే గొట్టం గుర్తొచ్చి, పట్టుకున్న చేతులు వదిలేసింది. ఇంత సంతోషం పడే హక్కు తనకి ఎవరిచ్చారు? ఆవిడ మాత్రం ఇలాంటివి చూసి చూసి ఉన్నదేమో, తీగలు ఒక్కొక్కటే ఊడదీసి, తలుపు తెరిచి బయట కూర్చున్నవాళ్లని లోపలికి రమ్మంది.

భర్త తువ్వాలుతో వచ్చాడు, వెనకే కూతురు. బడిలో పిల్లలు మీ అమ్మ అలాగట, ఇలాగట అంటున్నారని దాన్ని పంపడం మానేశారు. భర్త కళ్లతోనే అడిగాడు, ఆమె తల ఊపింది. అతను మొహం గోడ వైపు తిప్పుకుని, మడతలో ఉన్న తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టాడు. కూతురు మంచమెక్కి కూర్చుంది. తల్లి జుట్టులో తెల్లగా అట్టకట్టిన జిగురు చూసి ముక్కు చిట్లించి, టెక్నీషియనమ్మ ఇచ్చిన తడి దూదితో తుడవసాగింది. వేళ్లు మెత్తగా, బరువు లేకుండా తిరుగుతున్నాయి. ఆమె కళ్లు మూసుకుంది. ఇక ఫర్వాలేదు, మందు ఉంది, కాగితం ఉంది, కప్పపిల్ల నాన్న దగ్గరికి వెళ్లి కాళ్లు పట్టుకుని చెప్పుకోవడానికి ఒక మాట ఉంది.

"కింద లిఫ్టులో ఒక తాతగారున్నారమ్మా" అంటోంది కూతురు. "చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆయన చెయ్యి అందడం లేదు. అందుకని నన్ను"

దూది నుదుటి మీద ఆగింది. నీటిచుక్క ఒకటి కనుబొమ్మ మీదుగా జారి ముక్కు పక్కకి వచ్చింది. ఆమె కళ్లు తెరిచింది. కూతురి మొహం జానెడు దూరంలో ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, తన వైపే ఉన్నాయి, రెప్పలు మాత్రం సన్నగా, గాలికి కాగితం అంచులా వణుకుతున్నాయి.

"ఏం తల్లీ, నెట్‌వర్క్ పోయిందా" అన్నాడు భర్త అటు తిరిగే, అలవాటు చొప్పున. "అంతా అమ్మ పోలికే." అనేసి, తను ఏమన్నాడో అప్పుడు వినబడి, తువ్వాలు అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

ఎన్నిసార్లు నవ్వారు దీన్ని చూసి. ఎన్నిసార్లు మొట్టింది తను, అచ్చం తన అమ్మలాగే, చెవిలో దూది పెట్టుకున్నావా అని. లోతు వైపు గట్టు మీంచి ఎన్నిసార్లు దూకించింది. టెక్నీషియనమ్మ చప్పుడు కాకుండా మంచం దగ్గరికి వచ్చి, పిల్ల చెవి దగ్గర వంగి, మెల్లిగా "ఏనుగు" అంది.

దూది కదిలింది.

"నన్ను బటన్ నొక్కమన్నారు" అంది కూతురు. "మూడు నొక్కాను. థాంక్యూ చెప్పారు నాకు."

ఆమె కూతురి మణికట్టు పట్టుకుంది. గొంతు మామూలుగా ఉంచాలని చూసింది.

"ఈ మేడమ్ ఇప్పుడు నీతో ఏమన్నారు తల్లీ?"

కూతురు టెక్నీషియనమ్మ వైపు చూసింది, నాన్న వైపు చూసింది, మళ్లీ తల్లి వైపు చూసింది.

"ఎప్పుడు?" అంది.